మహానటి సావిత్రిని గెలిచిన దాహం

ప్రాణహిత ఒడ్డున సిరొంచ మొదలుకొని అంకిస, ఆసరెల్లి వరకు తెలుగు మాట్లాడే ఏ ఇంట్లోనైనా టీవీలో 'మాయాబజార్' వస్తుంటే శశిరేఖ ఎవరో పిల్లలకు పరిచయం చేయవలసిన పని ఉండదు. 1957లో విడుదలైన ఆ చిత్రంలో ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చినప్పుడు, ఆడపిల్ల మేనిలో రాక్షసుడి నడకను, చూపును, అహంకారాన్ని పలికించిన నటి సావిత్రి. కాలి మడమ నుంచి కనుబొమ దాకా ఏ అవయవం ఎప్పుడు ఎంత కదలాలో శాసించగలిగిన ఆ మనిషి ఒక గ్లాసు ముందు ఎందుకు నిస్సహాయురాలైంది? ఆమె మరణించి నాలుగు దశాబ్దాలు దాటినా తెలుగువారిని ఈ ప్రశ్న వదలలేదు. ప్రేమ విఫలమైందని కొందరు, డబ్బు పోయిందని కొందరు, నమ్మినవారు మోసం చేశారని మరికొందరు జవాబు చెప్పుకుంటూ వచ్చారు. ఆ జవాబులన్నీ ఆమె తాగుడు ఎలా మొదలైందో చెప్పడానికి పనికివస్తాయేమో గాని, ఎందుకు మానలేకపోయిందో చెప్పలేవు.

గుంటూరు జిల్లా చిర్రావూరులో 1930ల నడుమ సావిత్రి జన్మించింది. ఆరు నెలల పసికందుగా ఉండగానే తండ్రి గురవయ్య కన్నుమూశాడు. తల్లి సుభద్రమ్మ బిడ్డలతో విజయవాడ చేరి, అక్క దుర్గాంబ ఇంట ఆశ్రయం పొందింది. పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య ఆ పిల్లలోని చురుకుదనాన్ని గుర్తించి నాట్యం నేర్పించాడు, నాటకాలు ఆడించాడు, చివరికి వెంటబెట్టుకొని మద్రాసు తీసుకువెళ్లాడు. 1950 నాటి 'సంసారం' చిత్రంలో ముఖ్యపాత్రకు ఎంపికై కూడా, కెమెరా ముందు తడబడిన కారణంగా ఆ అవకాశాన్ని ఆమె పోగొట్టుకుంది. 1951లో 'పాతాళభైరవి'లో దక్కింది ఒక్క నాట్యం మాత్రమే. మరుసటి సంవత్సరం వచ్చిన 'పెళ్లిచేసి చూడు' ఆమెకు నటిగా గుర్తింపు తెచ్చింది. 'సంసారం'కు దర్శకుడైన ఎల్.వి. ప్రసాదే ఈ చిత్రానికీ దర్శకుడు కావడం విశేషం.

1953లో 'దేవదాసు' వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి. తాగి తాగి క్షీణించే ప్రియుని చూసి కుమిలిపోయే ఆ పాత్రతో ఆమె పేరు ఇంటింటికీ చేరింది. ఆ చిత్రం గొప్పదనాన్ని కాదనేవారు లేరు. అయితే మన సమాజానికి అది తెలియకుండానే ఒక పాఠం నేర్పింది: తాగేవాడు మనసు విరిగినవాడనీ, మనసు కుదుటపడితే తాగుడు తనంతట తానే పోతుందనీ. నేటికీ పల్లెల్లో కొడుకు తాగుడుకు లోనైతే పెళ్లి చేస్తే మానుతాడని సంబంధాలు వెతికే తల్లిదండ్రులు ఈ పాఠాన్నే అప్పజెబుతున్నారు. దాని ఫలితాన్ని అనుభవించేది ఆ ఇంటికి వచ్చిన కోడలు.

1955లో మొదట భానుమతికి అనుకున్న 'మిస్సమ్మ' పాత్ర సావిత్రికి దక్కింది. అప్పటి నుంచి పదేళ్లకు పైగా తెలుగు, తమిళ చిత్రరంగాల్లో ఆమెది తిరుగులేని స్థానం. 'చివరకు మిగిలేది'లో మానసిక రోగుల మధ్య సేవ చేసే నర్సు, 'నర్తనశాల'లో ద్రౌపది, 'మూగమనసులు'లో జమీందారు బిడ్డ - పాత్రల వరుస పెద్దది, ఇక్కడ ఇంతటితో చాలు. జెమినీ గణేశన్‌తో 1952లో జరిగిన వివాహం కొన్నేళ్ల తరువాత లోకానికి తెలిసింది. ఇద్దరు బిడ్డలు కలిగారు. సంపాదన వెల్లువెత్తింది, అంతకంటె వేగంగా చేతి నుంచి జారిపోయింది. అడిగినవారికి లేదనకపోవడం ఆమె స్వభావం. 1965 యుద్ధకాలంలో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిని కలిసి ఒంటిమీది నగలు దేశరక్షణ నిధికి ఇచ్చివేసిన సంగతి నేటికీ చెప్పుకుంటారు.

1968లో ఆమె దర్శకురాలైంది. 'చిన్నారి పాపలు' చిత్రానికి ప్రధాన సాంకేతిక శాఖలను స్త్రీలే నిర్వహించారు, సంగీతం పి. లీల సమకూర్చింది. ప్రయోగానికి ప్రశంసలు వచ్చాయి, పెట్టుబడి మాత్రం తిరిగి రాలేదు. 'మూగమనసులు' కథను తమిళంలో 'ప్రాప్తం' పేరుతో 1971లో స్వయంగా తీసి మరింత నష్టపోయింది. భర్తతో ఎడబాటు, ఆదాయపు పన్ను చిక్కులు, ఆస్తుల అమ్మకాలు ఆ కాలంలోనే ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. మద్యం ఆమె జీవితంలో బలంగా పాతుకుపోయింది కూడా ఈ కాలంలోనే.

మొదట్లో మద్యం మేలు చేసినట్లే కనిపిస్తుంది. మెదడులో ఉద్రేకాన్ని అణచి శాంతపరచే రసాయనం ఒకటి, మేల్కొలిపి పరుగెత్తించే రసాయనం మరొకటి ఉంటాయి. మద్యం మొదటిదాని బలాన్ని పెంచి, రెండవదాని బలాన్ని తగ్గిస్తుంది. అందుకే బెదురు తగ్గుతుంది, నిద్ర పట్టినట్లు తోస్తుంది. కాని మెదడు ఊరుకోదు. కావడిలో ఒక వైపు బరువు పడగానే మోసేవాడు రెండవ వైపు కూడా బరువు పెట్టి సరిచూసుకున్నట్లు, రోజూ వచ్చిపడే మద్యానికి ఎదురుగా మెదడు తన మేల్కొలుపు శక్తిని పెంచుకుంటుంది. దాంతో నిన్నటి గ్లాసు నేడు చాలదు. మరొకటి కావలసివస్తుంది, మెదడు మళ్లీ సరిచూసుకుంటుంది. కాలేయం కూడా మద్యాన్ని మునుపటికంటె వేగంగా విరగ్గొట్టడం నేర్చుకుంటుంది. వైద్యులు టాలరెన్స్ అని పిలిచే తట్టుకొనే శక్తి ఇదే.

లోకం పొరపడేది సరిగ్గా ఇక్కడే. ఎంత తాగినా తూలనివాణ్ని గట్టివాడంటారు, వాడికేమీ కాదంటారు. నిజానికి తూలకపోవడం మొదటి ప్రమాద సూచన. మత్తును మెదడు తట్టుకోవడం నేర్చుకుంటుంది గాని కాలేయం, గుండె, నరాలు విషాన్ని తట్టుకోవడం నేర్చుకోవు. మత్తు తెలియనందువల్ల మోతాదు పెరుగుతుంది, మోతాదు పెరిగినందువల్ల లోపలి నాశనం పెరుగుతుంది. స్త్రీల విషయంలో ఇది మరీ వేగం. అదే బరువున్న పురుషునితో పోల్చితే స్త్రీ దేహంలో నీటి శాతం తక్కువ. కడుపులో మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైము కూడా సాధారణంగా తక్కువే. అంతే మద్యం ఆమె రక్తంలో ఎక్కువ గాఢతకు చేరుతుంది, కాలేయ వ్యాధి తక్కువ సంవత్సరాల్లోనే పట్టుకుంటుంది. సావిత్రికి వీటికి తోడు మధుమేహం కూడా వచ్చింది.

ఇవే లక్షణాలు ఇతర మత్తుపదార్థాల్లో ఇంకా ఉధృతంగా కనిపిస్తాయి. జపాన్ రసాయన శాస్త్రవేత్త నగాయ్ నగాయోషి 1893లో తయారుచేసిన మెథాంఫెటమిన్ దీనికి పెద్ద ఉదాహరణ. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ పెర్విటిన్ పేరుతో, జపాన్ హిరోపాన్ పేరుతో నిద్ర రాకుండా, అలసట తెలియకుండా సైనికులకు ఈ మందును వాడాయి. యుద్ధం ముగిశాక మిగిలిన నిల్వలు జపాన్ ప్రజల్లోకి పొర్లి, 1951లో ఆ దేశం ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. నేడు నగరాల్లో ఐస్, క్రిస్టల్ అన్న పేర్లతో తిరిగేది అదే. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని మద్యం కొంత పెంచితే, ఇది ఒక్కసారిగా వరదలా వదులుతుంది. కొద్ది వాడకంలోనే తట్టుకొనే శక్తి పెరిగి, మొదటిసారి కలిగిన ఉల్లాసం ఎంత తీసుకున్నా మళ్లీ దొరకదు. మానినప్పుడు గాఢమైన దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వెంటాడుతాయి. ఆ వ్యసనాన్ని మాన్పే మందుగా ఇంతవరకు ఏదీ ఆమోదం పొందలేదు. నెలల తరబడి సాగే క్రమబద్ధమైన కౌన్సెలింగే ఆధారం. నగరాల్లో చదువుకునే పిల్లలున్న పల్లె తల్లిదండ్రులు ఆ పేర్లను తెలుసుకొని ఉండడం మేలు.

తట్టుకొనే శక్తి ఒక ఎత్తయితే, తహతహ మరొక ఎత్తు. డోపమిన్‌ను సుఖం ఇచ్చే రసాయనమని తేలికగా అంటారు. అది ముఖ్యంగా చేసే పని రాబోయే సుఖానికి గుర్తులు పెట్టడం. తాగే వేళ, కూర్చునే చోటు, తోడుండే మనిషి, సీసా మూత తీసిన చప్పుడు - వీటన్నిటినీ మెదడు ముద్ర వేసుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ తాగడంలోని ఇష్టం తరుగుతుంది, తాగాలన్న కోరిక పెరుగుతుంది. ఈ రెండూ వేర్వేరు సంగతులని తెలియకనే ఇంట్లోవారు, ఆనందమే లేనప్పుడు ఎందుకు తాగుతున్నావని నిలదీస్తారు. తాగేవారికీ జవాబు తెలియదు. దుఃఖం మొదటి గ్లాసును చేతికి ఇచ్చి ఉండవచ్చు. వెయ్యవ గ్లాసును ఇచ్చేది దుఃఖం కాదు, మారిపోయిన మెదడు. పోయిన ఆస్తులు ఒక్క రాత్రిలో తిరిగి వచ్చినా సావిత్రి దాహం ఆ రాత్రే తీరి ఉండేది కాదు.

ఆ దశాబ్దంలో ఆమె పని మానలేదు. కథానాయిక పాత్రలు పోయినా తల్లి పాత్రలు, చిన్న వేషాలు అంగీకరిస్తూ వచ్చింది. 1979లో వచ్చిన 'గోరింటాకు'లో ఆమెను చూసినవారికి ఆ కళ్లలోని శక్తి చెక్కుచెదరలేదని తెలుస్తుంది. హబీబుల్లా రోడ్డులోని భవనాన్ని వదిలి అణ్ణానగర్‌లో చిన్న ఇంటికి మారవలసివచ్చింది. ఆమె దానగుణాన్ని వేనోళ్ల కొనియాడిన లోకం, ఆమె వ్యాధిని వ్యాధి అనడానికి మాత్రం సిద్ధపడలేదు. మద్య వ్యసనం జబ్బేనని అమెరికా వైద్య సంఘం 1956లోనే ప్రకటించింది. మానాలనుకునేవారు ఒకరికొకరు తోడ్పడే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం 1935లో అక్కడే పుట్టి, 1950ల చివరికి భారతదేశానికి కూడా వచ్చింది. అయినా 1970ల మద్రాసులో పేరున్న ఒక స్త్రీ తాగుడుకు చికిత్స కోరడమంటే పరువు పోగొట్టుకోవడమే. పురుషుని తాగుడు పత్రికల్లో సానుభూతి కథ అయింది, స్త్రీ తాగుడు గుసగుస అయింది. నేడు పల్లెల్లోనూ ఆడవారి కల్లు, సారా అలవాటు గురించి ఇంటి గడప దాటి మాట రాదు. అందువల్లనే ఆసుపత్రికి చేరేసరికి కాలేయం దెబ్బతిని ఉంటుంది.

1980 మే నెలలో చిత్రీకరణ నిమిత్తం బెంగళూరు వెళ్లిన సావిత్రి అక్కడ స్పృహ కోల్పోయింది. మధుమేహంతో, మద్యంతో నలిగిన దేహం కోమాలోకి జారింది. ఆమెను మద్రాసుకు తరలించారు. ఆ సంవత్సరమే, ఆ నగరంలోనే, మద్య వ్యసనానికి భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్ అనే మహిళ టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను స్థాపించింది. వ్యసనపరులకు, వారి కుటుంబాలకు కలిపి చికిత్స చేసే సంస్థగా అది తరువాత దేశమంతటా పేరు పొందింది. సావిత్రికి మాత్రం ఆ తలుపు తెరుచుకునే సమయం దాటిపోయింది. దాదాపు పంతొమ్మిది నెలలు అపస్మారకంలోనే ఉండి, 1981 డిసెంబరు 26న, ఐదు పదులు నిండకముందే, ఆమె కన్నుమూసింది.

అప్పటికి గడ్చిరోలి జిల్లా ఇంకా ఏర్పడలేదు; సిరొంచ చంద్రపూర్ జిల్లాలో ఉండేది. 1982లో జిల్లా ఏర్పడిన తరువాత ప్రజల ఆందోళన ఫలితంగా 1993లో ఇక్కడ మద్యనిషేధం వచ్చింది. అదే ఏడాది నెల్లూరు జిల్లా స్త్రీలు మొదలుపెట్టిన ఉద్యమం వల్ల ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషిద్ధమైంది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. గడ్చిరోలి నిషేధం నిలిచింది. అది తాగుడును తగ్గించిందనడంలో తప్పులేదు. తాగేవారి మెదడులోని కావడిని మాత్రం ఏ చట్టమూ దించలేదు. నదికి ఇటు నిషేధం, అటు దుకాణం. ఇంటి వెనుక ఇప్పసారా. తహతహ పట్టినవాడికి వంతెన పొడవు ఒక లెక్క కాదు. ఈ సంగతిని గ్రహించే కావచ్చు, 2016లో మొదలైన ముక్తిపథ్ కార్యక్రమం గ్రామాల్లో అమ్మకాలను ఆపించడంతో పాటు వ్యసనపరుల చికిత్సను కూడా చేపట్టింది.

నది అవతల మరొక ప్రమాదం ఉంది. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం వంటి నిద్రమందుల పొడి కలుపుతారు. అది తాగేవారు కల్లుకు అలవాటు పడ్డామనుకుంటారు, నిజానికి నిద్రమందుకు అలవాటు పడతారు. 2015లో కల్తీ కల్లుపై అధికారులు విరుచుకుపడినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్లు ఒక్కసారిగా అందక పలువురు పిచ్చిగా ప్రవర్తిస్తూ, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. కావడిలో ఒక వైపు బరువు హఠాత్తుగా తీసివేస్తే రెండవ వైపు నేలకు కొట్టుకున్నట్లే ఇది. మద్యంలోనూ అంతే. రోజూ అధికంగా తాగేవారు ఒక్కసారిగా మానితే ఆరు గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల నడుమ లేనివి కనిపించడం, మతి తప్పడం జరగవచ్చు. ఈ చివరి స్థితి చికిత్స లేకపోతే ప్రాణం తీస్తుంది.

అయ్యప్ప దీక్ష సంగతి ఈ సందర్భంలో చెప్పుకోవలసినది. దీక్ష పుణ్యమా అని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివారు ప్రతి పల్లెలో ఉన్నారు. అది మెచ్చుకోదగినదే. కాని రోజూ ఎక్కువగా తాగేవారు మాల వేసుకోవడానికి ముందే వైద్యుని కలిస్తే, పై లక్షణాలు రాకుండా కొద్దిరోజుల మందులు, బి1 విటమిన్ ఇస్తారు. మాల తీసిన రోజు మరొక గండం. నలభై రోజుల్లో తట్టుకొనే శక్తి తగ్గిపోయి ఉంటుంది, తహతహ మాత్రం పాత మోతాదునే గుర్తుంచుకుంటుంది. ఆ రాత్రి పాత లెక్కన తాగితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. నిద్రమందు కలిసిన కల్లయితే ముప్పు ఇంకా ఎక్కువ.

చికిత్సకు నేడు దారులున్నాయి. తహతహను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులను వైద్యులు కాలేయం, మూత్రపిండాల స్థితి చూసి ఇస్తారు. తహతహ అలలా లేచి, చాలావరకు అరగంటలోపే తగ్గుముఖం పడుతుందని, ఆ అరగంట మనిషిని పనిలోనో మాటల్లోనో పెడితే గండం గడుస్తుందని కుటుంబానికి నేర్పుతారు. చికిత్స తరువాత మళ్లీ తాగితే అంతా వృథా అయినట్లు కాదు. మధుమేహం తిరగబెట్టినప్పుడు మందు మార్చినట్లే ఇక్కడా మారుస్తారు. తాగేవారికి తెలియకుండా అన్నంలో, చారులో కలిపి పెట్టే మాన్పుడు మందులు మాత్రం ప్రాణాపాయం. వ్యసన విముక్తికి జాతీయ సహాయవాణి 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416. రెండవదానిలో తెలుగును ఎంచుకునే వీలుంది.

సావిత్రి దేహంలో కలిసిన రెండు జబ్బులూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు మరింత మెలకువ అవసరం. కాలేయం మద్యాన్ని విరగ్గొట్టే పనిలో పడితే రక్తానికి చక్కెరను అందించలేదు. ఇన్సులిన్ గాని కొన్ని రకాల మధుమేహం మాత్రలు గాని వాడేవారు అన్నం తినకుండా తాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమట, తడబాటు, అర్థంలేని మాటలు, చివరికి స్పృహ తప్పడం - చూసేవారికి ఇదంతా తాగిన మైకంలాగే కనిపిస్తుంది. తాగి పడుకున్నాడులే అని దుప్పటి కప్పి వదిలివేస్తే తెల్లవారేసరికి మెదడుకు దెబ్బ తగిలి ఉంటుంది. మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే చక్కెర నీళ్లు ఇవ్వాలి. పిలిచినా, కుదిపినా లేవకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, మధుమేహం ఉన్న సంగతి, తాగిన సంగతి రెండూ దాచకుండా చెప్పాలి.